మనసు రాకుండా చేసే ఆరాధన వేషధారణ అవుతుందా?

అమ్మా, వందనాలు. మీరు రాసింది రెండు మూడు సార్లు చదివాను. మీరు హైదరాబాదులో ల్యాబ్ టెక్నీషియన్, షిఫ్టులు మారుతుంటాయి, మూడేళ్ల బాబు ఉన్నాడు, మీవారు చర్చికి రారు గానీ మీకు అడ్డు చెప్పరు. ఆదివారం పాటల దగ్గర కళ్లమ్మట నీళ్లు తిరుగుతాయి, సోమవారం పొద్దున్నకి ఏమీ మిగలదు. "ఆరాధన అనేది మన ఎంపిక, మనసున్నా లేకపోయినా చేయాలి" అని ప్రసంగంలో విన్నారు. మనసు లేకుండా పెదవులతో స్తుతిస్తే అది ప్రభువు గద్దించిన వేషధారణే కదా, పైగా నా షిఫ్టుల మధ్య వారమంతా ఎలా కుదురుతుంది అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. మనసు ఎండిపోయి ఉన్నప్పుడు దేవుని వైపు తిరిగి నోరు తెరవడం వేషధారణ కాదు. వేషధారి మనుషులు చూడాలని చేస్తాడు. మీరు ఎవరూ చూడని వంటింట్లో, మనసు కదలకపోయినా, ఆయనతోనే మాట్లాడుతున్నారు. ఈ రెంటికీ పోలికే లేదు. అయితే ఆయన దగ్గర అబద్ధం మాత్రం ఆడకూడదు. లోపల దుఃఖం పెట్టుకుని "ప్రభువా, ఎంతో ఆనందంగా ఉన్నాను" అనకండి. "ప్రభువా, ఇవాళ నాకేమీ అనిపించడం లేదు, అయినా నువ్వే నా దేవుడివి" అనండి. అది నిజం. నిజం పలికిన నోటితో చేసిన స్తుతి చిన్నదైనా ఆరాధనే.

"ఈ ప్రజలు తమ పెదవులతో నన్ను ఘనపరచుదురు గాని వారి హృదయము నాకు దూరముగా ఉన్నది" అన్న మాట మిమ్మల్ని భయపెట్టినట్టుంది. యెషయా 29లోని ఆ మాటను మత్తయి 15లో ప్రభువు ఎవరితో అన్నాడో ఒకసారి చూడండి. అమ్మానాన్నలకు పెట్టాల్సిన దాన్ని "దేవార్పితం" అని పేరు పెట్టి ఎగ్గొట్టినవాళ్లతో అన్నాడు. అక్కడ వేషధారికి గ్రీకులో ఉన్న మాట నాటకంలో వేషం కట్టేవాడికి వాడే మాట. నిద్రలేక, అలసిపోయి, అయినా దేవుణ్ని వెతుక్కుంటున్న తల్లి గురించి చెప్పిన మాట కాదది.

నేనెవరినో చెప్పాలి కదా. 1988 నుంచి 2019 దాకా ఆర్టీసీలో కండక్టరుగా చేశాను, మాది ప్రకాశం జిల్లా. మా సంఘంలో పాట ఎత్తే బాధ్యత ముప్పై ఏళ్ల పైచిలుకు నా మీదే ఉంది, తర్వాత పెద్దగా కూడా పెట్టారు. బైబిలు కాలేజీలో చదువుకోలేదు. ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం డ్యూటీలు పడుతుంటే, ఆరాధన ఎలా నిలుపుకోవాలన్న మీ ప్రశ్నతోనే నేనూ చాలా ఏళ్లు తిరిగాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

"ఎంపిక" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ మాట వినగానే దుకాణంలో రెండు సబ్బుల్లో ఒకటి తీసుకున్నట్టు అనిపిస్తుంది. మన తెలుగు బైబిల్లో ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ షెకెములో జనాన్ని నిలబెట్టి, ఎవరిని సేవిస్తారో మీరే తేల్చుకోండి అంటూ అన్న మాట "కోరుకొనుడి". కోరుకోవడంలో రెండు అర్థాలున్నాయి. ఏరుకోవడమూ ఉంది, ఇష్టపడటమూ ఉంది. నేను ఇన్నేళ్లలో చూసిందేమిటంటే, మొదటిది చేస్తూ పోతే రెండోది వెనకాల వస్తుంది. ఒక్కోసారి నెలల తరబడి రాదు. వచ్చేదాకా మొదలుపెట్టను అని కూర్చున్నవాళ్లకి మాత్రం వచ్చినట్టు నేను చూడలేదు.

"నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అన్న వాక్యం మన క్రైస్తవుల ఇళ్లలో గుమ్మం మీదో హాల్లో గడియారం పక్కనో కనిపిస్తూనే ఉంటుంది. మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. అది ఆ "కోరుకొనుడి"కి యెహోషువ చెప్పుకున్న జవాబు. పండు ముసలితనంలో, అప్పటికే జీవితమంతా దేవుని వెంట నడిచినవాడు, మళ్లీ కొత్తగా కోరుకుంటున్నాడు. ఒకసారి బాప్తిస్మం రోజున కోరుకుని ఊరుకుంటే సరిపోయే పని కాదని ఆ వాక్యం కిందే కూర్చుని చాలాసార్లు అనుకున్నాను.

ఇంకో సంగతి. 103వ కీర్తనలో దావీదు దేవునితో మాట్లాడటానికి ముందు ఎవరితో మాట్లాడాడు? తనతోనే. "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అని తన ప్రాణానికి ఆజ్ఞ వేశాడు. దాని మీద కట్టిన పాట మన పాటల పుస్తకంలో ఉంది, "దేవ సంస్తుతి చేయవే మనసా" అని. మా నాయనమ్మకు చదువు రాదు. ఆ పాట మొత్తం నోటికి వచ్చు. మిరపకాయలు తొడిమలు తీస్తూ కూర్చుని, చేతులు మండుతున్నా ఆపకుండా పాడేది. చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు గానీ ఆ "చేయవే" అన్నది దేవుణ్ని అడగడం కాదు, మొండికేసిన మనసును పిలిచి పని చెప్పడం. త్యాగరాజ స్వామి కూడా తన మనసును పిలిచి అలాగే బుద్ధి చెప్పుకున్నాడు. మనసు చెప్పిన మాట వినదన్నది తెలుగు కీర్తనకారులందరికీ తెలిసిన సంగతే. ఆ పాట పాడేవాడికి మనసు అప్పటికే ఉప్పొంగి ఉంటే అలా పిలవాల్సిన అవసరమే లేదు. కాబట్టి మనసు రాని రోజున పాడటం తప్పు కాదు, ఆ పాట పుట్టిందే అలాంటి రోజు కోసం.

ఇక వారమంతా ఎలా అన్నది.

దానియేలు 6వ అధ్యాయం 10వ వచనంలో ఒక మాట నా ఉద్యోగాన్ని మార్చింది. రాజు తప్ప ఇంకెవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం మీద సంతకం అయిందని దానియేలుకు తెలిసింది. ఇంటికి వెళ్లాడు, యెరూషలేము వైపు కిటికీలు తెరిచే ఉన్నాయి, "యథాప్రకారముగా" రోజుకు మూడుసార్లు మోకాళ్లూని ప్రార్థన చేశాడు. సింహాల గుంత కనపడుతుంటే ఆ రోజు కొత్తగా నిర్ణయం తీసుకోలేదు. నిర్ణయం ఎన్నో ఏళ్ల కిందట, ఏ గొడవా లేని రోజున తీసుకున్నాడు. కష్టం వచ్చిన రోజున కాళ్లు అలవాటు ప్రకారం అటే నడిచాయి. ఆ గంటలో ఆలోచించుకోవాల్సి వస్తే ఏ మనిషైనా ఓడిపోతాడు. నాలుగున్నర ఫస్ట్ సర్వీసుకి మూడింటికి లేచేవాడిని, ఆ చీకట్లో "ఇవాళ ప్రార్థన చేద్దామా వద్దా" అని మనసును అడిగిన ప్రతిసారీ అది వద్దనే అంది. అందుకని అడగడం మానేశాను.

ఈ పాఠం నాకు నేర్పింది ఒక డ్రైవరు. ఆయన ఆంజనేయస్వామి భక్తుడు. ఆరేళ్లు ఒకే బండి మీద కలిసి చేశాం. పల్లెల్లో నైట్ హాల్ట్ చేసి బస్సులోనే పడుకునేవాళ్లం. తెల్లారకముందే లేచి, బోరింగు దగ్గర స్నానం చేసి, తడి తలతో వచ్చి అద్దం పైనున్న పటానికి అగరొత్తి వెలిగించి, స్టీరింగ్‌కి దణ్ణం పెట్టుకుని గానీ ఇంజను స్టార్ట్ చేసేవాడు కాదు. ఒకనాడు వానలో నడుం లోతు తడిసిపోయాడు, జ్వరం కూడా ఉంది. అయినా చేశాడు. "ఒంట్లో బాగాలేదు కదన్నా, ఇవాళ్టికి వదిలెయ్యొచ్చుగా" అన్నాను. "ఒంటికి బాలేకపోతే స్వామికి ఎందుకు చెప్పడం మానాలి తమ్ముడూ" అన్నాడు. నేను వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాను. నేను సజీవుడని ఒప్పుకున్న దేవుని కోసం ఆ దుప్పటి తీయలేకపోయానని ఆ రోజు నిజంగా సిగ్గుపడ్డాను. ఆ మర్నాటి నుంచి, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నేను లేచి కూర్చుని, చొక్కా జేబులో పెట్టుకునే చిన్న కొత్త నిబంధన చివర్లో ఉండే కీర్తనల్లోంచి ఒకటి చదివేవాడిని. ఆయన ఎప్పుడైనా ముందు వస్తే నాది అయ్యేదాకా కింద నిలబడేవాడు. ఇద్దరం ఒకరినొకరం ఎప్పుడూ వాదించుకోలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చాలా ముఖ్యం, కొంచెం ఓపిగ్గా చదవండి. ఆరాధన ఎంపిక అని చెప్పేవాళ్లు తరచుగా పాట దగ్గరే ఆగిపోతారు. చేతులెత్తాలా, కళ్లు మూసుకోవాలా, గట్టిగా పాడాలా అని. ఆమోసు 5వ అధ్యాయంలో దేవుడు "మీ పాటల ధ్వని నాయొద్దనుండి తొలగనియ్యుడి" అంటాడు. పాట బాగాలేక కాదు, పాడిన నోళ్లే బీదల్ని దోచుకుంటున్నాయి గనుక. వెంటనే "నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి" అంటాడు. నా ఉద్యోగంలో ఆ న్యాయం పేరు చిల్లర.

బస్సెక్కినవాళ్లకి తెలుసు. చిల్లర లేకపోతే కండక్టరు టికెట్ వెనకాల బాకీ రాసిస్తాడు, దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. రద్దీలో సగం మంది మర్చిపోతారు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక శనివారం సాయంత్రం, చంటిబిడ్డను భుజాన వేసుకున్న ఒకామె యాభై నోటు ఇచ్చింది. టికెట్ పోను నలభై రెండు రూపాయలు ఇవ్వాలి. రాసిచ్చాను. బిడ్డకు జ్వరం, ఆమె ధ్యాసంతా అక్కడే. ఆసుపత్రి స్టాపులో కంగారుగా దిగి వెళ్లిపోయింది. నాకు గుర్తుంది. పిలిస్తే వినపడేది. పిలవలేదు. ఆ రోజుల్లో నలభై రెండు రూపాయలంటే చిన్న డబ్బు కాదు. ఆమెకు ఇంకా పెద్దది.

మర్నాడు ఆదివారం డ్యూటీ లేదు. గుడిలో పాట ఎత్తాలి. (మా వైపు పెద్దవాళ్లు చర్చిని గుడి అనే అంటారు, నాకూ అదే అలవాటు.) పల్లవి ఎత్తాను, జనం అందుకున్నారు, చరణం దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. ఆ బిడ్డ తల ఆమె భుజం మీద ఊగుతూ పోవడం కళ్ల ముందు కనపడింది. మత్తయి 5లో బలిపీఠం దగ్గర అర్పణం విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట అప్పటికి ఎన్నిసార్లు చదివానో. పుస్తకం పక్కవాడికి ఇచ్చి బయటికి వచ్చేశాను. ఆమె ఎవరో తెలియదు, ఎక్కడని వెతకను? సోమవారం ఆ డబ్బు డిపోలో క్యాష్‌తో పాటు కట్టేసి, ఎక్కువ ఎందుకొచ్చిందో చెప్పాను. క్యాష్ తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే, కాబట్టి మాటలు పడ్డాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి స్టేజీకి ముందు "చిల్లర రావాల్సినవాళ్లు అడిగి తీసుకోండమ్మా" అని రెండుసార్లు గట్టిగా అరిచేవాడిని. నా వారమంతటి ఆరాధనలో దేవునికి అన్నిటికంటే ఇష్టమైంది ఆ కేకేనని నేను నమ్ముతాను. ఆదివారం పాట దానికి కొనసాగింపు.

దీనికి వాక్యంలో ఆధారం ఉంది. ఆదికాండము 2:15లో ఏదెను తోటను "సేద్యపరచుటకును" అన్న చోట హెబ్రీలో ఉన్న క్రియా, యెహోషువ "యెహోవాను సేవించెదము" అన్న చోట ఉన్న క్రియా ఒకటే. నేల దున్నడానికీ దేవుణ్ని కొలవడానికీ ఒకే మాట. రోమా 12:1లో పౌలు శరీరాల్ని సజీవయాగంగా సమర్పించుకోమని బతిమాలి, "ఇట్టి సేవ మీకు యుక్తమైనది" అన్నాడు. ఆ "సేవ" గ్రీకులో దేవాలయంలో జరిగే ఆరాధనకు వాడే మాట. శరీరం అన్నాడు చూడండి. గంటల తరబడి నిలబడి కాళ్లు వాచే శరీరం, మీది.

కాబట్టి మీ పనినే తీసుకోండి. భయంతో ఏడుస్తున్న పసివాడి చెయ్యి పట్టుకుని నరం వెతుకుతారు. నరం దొరకలేదు. వెనకాల పదిమంది లైనులో ఉన్నారు. విసుక్కుని ఎక్కడో ఒకచోట గుచ్చేయొచ్చు. లేదా ఒక్క నిమిషం ఆగి, ఆ చెయ్యి రుద్ది వెచ్చబెట్టి, వాడితో ఒక మాట మాట్లాడి, అప్పుడు గుచ్చొచ్చు. ట్యూబు మీద పేరు రాసేటప్పుడు అలసటలో చూడకుండా అంటించేయొచ్చు, లేదా ఇంకోసారి సరిచూసుకోవచ్చు. అక్కడ మీరు కోరుకుంటున్నారు. ఆ సమయంలో మీకు దైవానుభూతి ఏమీ కలగకపోవచ్చు. పర్వాలేదు.

మన నేల మీద ఈ కోరుకోవడానికి ఎంత ఖరీదు కట్టారో కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ఆ జిల్లావాడిని. 1866లో ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ చేరినవాళ్లకి అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లవ్ దొరగారు పెట్టిన నియమాల్లో ఒకటి ఆదివారం పని చేయకపోవడం. ఇవాళ మనకది సెలవు. ఆసాముల దగ్గర తరాలుగా వెట్టిలో ఉన్నవాళ్లకి వారంలో ఒకరోజు "రాను" అనడమంటే కూలి పోవడం, దెబ్బలు తినడం, ఊళ్లో నీళ్లకి దారి మూసుకుపోవడం. అయినా ఆ రోజును దేవునికి ఇచ్చారు. తర్వాత 1876-78 నాటి గొప్ప కరువు వచ్చింది. క్లవ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ సాయం నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తెలియాలని. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏటి పక్కనుంచి బస్సు పోయే ప్రతిసారీ నా చూపు అటే పోయేది. లాభం ఏమీ లేనప్పుడు కూడా కోరుకునేదే ఆరాధన అని మా ముత్తాతల కాలంలోనే తేలిపోయింది.

అందుకే ఒక హెచ్చరిక. ఆరాధనను బేరం చేయకండి. "ఇరవై ఒక్క రోజులు స్తుతిస్తే ప్రమోషన్ వస్తుంది, వీసా వస్తుంది" అని చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. వస్తే సంతోషం. రాకపోతే ఆ మనిషి విశ్వాసమే కూలిపోతుంది, నేను కళ్లారా చూశాను. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా, సాలలో పశువులు లేకపోయినా ఆనందిస్తానన్న హబక్కూకు ఏ బేరమూ పెట్టలేదు.

రెండో హెచ్చరిక ఇంకా ముఖ్యం. ఎంపిక అన్నారు కదా అని దుఃఖాన్ని తొక్కిపెట్టకండి. నా విషయం చెబుతాను. మా తమ్ముడు ఇరవై ఆరేళ్లపాటు నా పక్కన కూర్చుని ఢోలక్ వాయించాడు. నేను ఎంత వేగంలో పాట ఎత్తుతానో నా ఊపిరి పీల్చడం చూసి పట్టేసేవాడు. 2021 మే నెలలో కరోనాతో పోయాడు. సమాధి దగ్గర నలుగురం ఉన్నాం. పాట లేదు. మా ఇంట్లో ఏ చావుకీ పాట లేకుండా మట్టి వెయ్యలేదు. ఆ తర్వాత గుళ్లు తెరిచాక కూడా నాకు గొంతు రాలేదు. ఢోలక్ గోడకి గుడ్డ కప్పి ఉండేది, నేను దాని ఎదుట కూర్చునేవాడిని. ఐదు నెలలు ఒక్క పాట ఎత్తలేదు. ఒకాయన వచ్చి "పెద్దలై ఉండి మీరే స్తుతించకపోతే ఎలా, విశ్వాసంతో పాడండి" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు గానీ ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది.

నన్ను నిలబెట్టింది 88వ కీర్తన. మిగతా దుఃఖ కీర్తనల్లో చివరికి ఎక్కడో ఒక వెలుగు కనపడుతుంది. ఇందులో అది కూడా లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది. దాన్ని కూడా దేవుడు ఆరాధన పుస్తకంలో ఉంచాడు. రోజూ అదొక్కటే చదివాను. ఆదివారం వెళ్లి నిలబడేవాడిని, నోరు కదిపేవాడిని కాదు. చుట్టూ జనం పాడుతుండేవాళ్లు. ముప్పై ఏళ్లు వాళ్ల కోసం నేను ఎత్తాను, ఆ ఐదు నెలలు నా కోసం వాళ్లు పాడారు. కొన్ని రోజుల్లో కోరుకోవడమంటే వెళ్లి నిలబడటం, అంతే. యోబు కూడా పిల్లల చావు కబురు విన్నప్పుడు ముందు పై వస్త్రం చింపుకున్నాడు, తల గొరిగించుకున్నాడు, నేల మీద పడ్డాడు, అప్పుడు నమస్కారం చేశాడు. ఏడుపు తర్వాతే కాదు, ఏడుపులోనే ఆరాధన ఉంది.

మీ సంగతి అలాంటిది కాదని మీరు రాసిందాన్ని బట్టి అనుకుంటున్నాను. అయితే ఆదివారం కూడా ఏమీ అనిపించకుండా, నిద్ర పట్టకుండా, తిండి సహించకుండా, బాబును ఎత్తుకోబుద్ధి కాకుండా వారాల తరబడి ఉంటే, అది విశ్వాసం తక్కువై కాదు. డాక్టరుకు చూపించుకోండి. ప్రార్థన మానకండి, మందూ మానకండి. షిఫ్టులు మారే ఉద్యోగంలో నిద్ర పాడైతే మనసూ పాడవుతుంది. బాగా నిద్రపోయి లేచాక ఎండిపోయిందనుకున్న మనసు మళ్లీ కదలడం నాకు చాలాసార్లు అనుభవం.

ఇక మీరు రేపటి నుంచి ఏం చేయొచ్చో. ఎక్కువ చెప్పను. గడియారానికి కట్టకండి, మీ గడియారం వారం వారం మారిపోతుంది. ఏ షిఫ్టులోనైనా తప్పకుండా జరిగే పనికి కట్టండి. గ్లవ్స్ మొదటిసారి తొడుక్కునేటప్పుడో, ఇంటి తాళం తీసేటప్పుడో. నాకు క్యాష్ బ్యాగు భుజాన వేసుకునే క్షణం అది. "ప్రభువా, ఈ ట్రిప్పు నీది" అనేవాడిని. నాలుగే మాటలు, ముప్పై ఏళ్లు. తర్వాత, రోజుకో అధ్యాయం అని పరుగెత్తకండి. నెలకి ఒక్క కీర్తన తీసుకోండి. రోజూ అదే. పదో రోజుకి విసుగొస్తుంది, ఇరవయ్యో రోజుకి అందులో ఒక వచనం పని మధ్యలో దానంతట అదే గుర్తొస్తుంది. మొదటి నెలకి 103 పట్టుకోండి. రాత్రి బాబును పడుకోబెట్టేటప్పుడు ఆ రోజు జరిగిన ఒక్క మేలును పేరు పెట్టి చెప్పి స్తోత్రం చెప్పండి. "అన్నిటికీ స్తోత్రం" అనొద్దు. "ఇవాళ ఆటో దొరికినందుకు స్తోత్రం" అనండి. మూడేళ్ల పిల్లాడు నెల తిరిగేసరికి తన వంతు తనే చెబుతాడు, మా మనవరాలు బొమ్మ దొరికినందుకు చెప్పింది. మొత్తం ఐదు నిమిషాలు దాటనివ్వకండి. నలభై నిమిషాల కుటుంబ ప్రార్థనలో కునికిపాట్లు పడుతూ పెరిగిన పిల్లలు పెద్దయ్యాక దాని నుంచి పారిపోవడం మా ఊళ్లో చాలా ఇళ్లలో జరిగింది.

ఆదివారం డ్యూటీ పడితే దోషిలా ఫీలవకండి. ఆసుపత్రికి ఆదివారం సెలవుండదు. నాకు నెలలో రెండు ఆదివారాలే దొరికేవి. అయితే దొరికిన రెండూ వదలొద్దు, సంఘం లేకుండా ఒంటరిగా చాలాకాలం నిలబడటం కష్టం. మీ షిఫ్టు చార్టు పాస్టరు అమ్మగారికి ముందే చెప్పండి, మీ ఇంటి దగ్గర వారం మధ్యలో ఏ కూటం జరుగుతుందో వాళ్లే చెబుతారు. శనివారం రాత్రి మాత్రం ఒక పని చేయండి. ఆ వారం ఎవరితోనైనా మాట తేడా వచ్చి ఉంటే ఫోను చేయండి. ఆదివారం పాట ఎంత తేలిగ్గా వస్తుందో మీకే తెలుస్తుంది.

మీవారి గురించి. ఆయన కోరుకోవాల్సింది ఆయన కోరుకుంటారు. ఆయన నిద్రపోతుంటే గట్టిగా పాటలు పెట్టకండి, ఆయన వినాలని ప్రార్థనలో ఆయన తప్పులు చెప్పకండి. మీకు అడ్డు చెప్పకపోవడం కూడా ఒక మేలే, రాత్రి స్తోత్రం చెప్పేటప్పుడు ఒకరోజు దాన్నీ పేరు పెట్టి చెప్పండి. ఆయనకు టిఫిన్ పెట్టడం మానేసి ఉపవాస ప్రార్థనకు వెళ్లడం లాంటివి చేయకండి, అది దేవార్పితం అన్నవాళ్ల దారి.

చివర్లో మీరు అడిగిన చిన్న ప్రశ్న, నైట్ షిఫ్టులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ పని చేస్తే అది ఆరాధన కిందకి వస్తుందా అని. క్యాబ్‌లో వినండి, రిపోర్టులు ఎక్కించేటప్పుడు ఒక చెవిలో పెట్టుకోండి, ఎవరూ లేకపోతే చిన్నగా గొంతు కలపండి, వినడం కంటే పాడటం మేలు. రోగి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపాక మాత్రం రెండూ తీసి జేబులో పెట్టుకోండి.